ప్లాటు కింద బాయి నడిచిందా?

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు ప్లాటు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసి సరిపెట్టుకుంటారు. కింద బొగ్గుబాయి నడిచిందో లేదో ఆ కాగితాలు చెప్పవు. పైన నేల ఒకరిది, కింద బొగ్గు తీసే హక్కు ఇంకొకరిది. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

అడగాల్సిన మొదటి ప్రశ్న: పైకప్పును మోసేందుకు వదిలిన బొగ్గు దిమ్మెలు, అంటే పిల్లర్లు, ఉన్నాయా, తీసేశారా? 150 నుంచి 240 మీటర్ల లోతులో 4.8 మీటర్ల వెడల్పు గ్యాలరీలు (బొగ్గులో తవ్వే దారులు) తోలితే, పిల్లర్ల మధ్యబిందువుల దూరం కనీసం 34.5 మీటర్లు ఉండాలని నిబంధన. ఈ దశలో బయటికొచ్చేది బొగ్గు పొరలో 26 శాతమే, కాబట్టి పైన నేల దాదాపు కదలదు. డీపిల్లరింగ్ చేసి, అంటే ఆ పిల్లర్లనూ తీసేసి, పైకప్పును కూలనిస్తే మాత్రం పొర మందంలో సుమారు 60 శాతం దాకా నేల కుంగొచ్చు. 3 మీటర్ల పొరకు అది 1.8 మీటర్లు. ఖాళీని ఇసుకతో నింపితే (స్టోయింగ్) కుంగుడు 5 శాతం దగ్గర ఆగుతుంది, అంటే 15 సెంటీమీటర్లు. ఇసుకకు, నీటికి, పంపింగుకు ఖర్చు ఎక్కువ. ఇళ్లకు 45 మీటర్ల లోపల పని చేయాలంటే ముందస్తు అనుమతి కావాలి కూడా. అందుకే పైన కాలనీ పెరిగేకొద్దీ కింద బొగ్గు పిల్లర్లలోనే చిక్కుకుపోతుంది.

ఇల్లు పగిలేది నేల కుంగిన గుంత నడుమ కాదు, అంచున. అక్కడ నేల సాగుతుంది. మీటరుకు 3 మిల్లీమీటర్ల సాగుడును ఇళ్లకు హద్దుగా తీసుకుంటారు. 12 మీటర్ల గోడకు అది 36 మిల్లీమీటర్లు. పైగా ప్రభావం ప్యానెల్ (కింద బొగ్గు తీసిన భాగం) గీత దగ్గర ఆగదు: 200 మీటర్ల లోతుకు, నిలువు నుంచి 35 డిగ్రీల కోణంలో లెక్కేస్తే 140 మీటర్లు బయటికొస్తుంది. "బాయి మా ప్లాటు కింద లేదు" అన్న మాట అందుకే చాలదు.

నిజంగా భయపడాల్సింది లోతు తక్కువున్న పాత బాయిలకు. కూలిన రాయి 30 శాతం ఉబ్బుతుందనుకుంటే, 3 మీటర్ల గ్యాలరీ నిండటానికి పైన 10 మీటర్ల రాయి నిలువునా కూలాలి. గ్యాలరీలు కలిసే చోట కూలుడు ఇంకా పైకి పోతుంది. పైన గట్టి రాయి అంత మందం లేకపోతే ఒక్క వాన చాలు, గుంత తెరుచుకుంటుంది.

సర్వే నంబరు పట్టుకుని గని సర్వే ఆఫీసులో ప్లాన్ చూపించమని అడగండి: లోతు, పొరలెన్ని, ఏ ఏడాది డీపిల్లరింగ్, స్టోయింగా కేవింగా (పైకప్పును కూలనిచ్చారా), నీళ్లు నిలిచాయా. అది తేలేదాకా బోరు వేయించకండి. బొగ్గు తీసేసిన పాత ఖాళీ, అంటే గోఫ్‌లోకి దిగిన బోరు గాలిని లోపలికి పంపి బొగ్గును వేడెక్కించగలదు.