పాస్తా, పక్కన ఆవకాయ

శనివారం రాత్రి వంట నాది, క్రీమ్ వేసిన మష్రూమ్ పాస్తా. ఫ్రిజ్‌లో 200 గ్రాముల మష్రూమ్ ప్యాకెట్ అప్పటికే రంగు మారుతోంది, ఇంకో రోజు ఆగితే పారేయడమే.

పోయినసారి చిన్న మూకుడులో అన్నీ ఒకేసారి కుక్కి, పైన ఉప్పు కూడా చల్లేశాను. నీళ్లూరి పులుసైంది. ఈసారి వెడల్పాటి పెనం, పెద్ద మంట, రెండు విడతలు. ఉప్పు చివర్లోనే. నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడ్డాక గానీ వెన్న, వెల్లుల్లి వేయలేదు.

క్రీమ్ దగ్గరే నాకు టెన్షన్. మన దగ్గర డబ్బాల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు మామూలుగా 25 శాతమే, గట్టిగా మరిగిస్తే విరిగిపోతుంది. అందుకే స్టవ్ సిమ్‌లో పెట్టి అరకప్పు క్రీమ్, పాస్తా ఉడికించిన నీళ్లు ఒక గరిటెడు పోశాను. ఆ గంజి వల్లే సాస్ పాస్తాకు పట్టుకుంటుంది. (గంజి గొప్పతనం మనకొకరు చెప్పాలా!) పెన్నే (గొట్టాల్లాంటి పాస్తా) కాస్త పలుకుండగానే వార్చి ఇందులో కలిపాను. మిరియాలు మాత్రం రోట్లో కచ్చాపచ్చాగా దంచినవే.

అమ్మ రెండు ముక్కలు తిని, "బానే ఉందిరా, కారమేదీ?" అంటూ ఆవకాయ జాడీ తెచ్చుకుంది. నేను చూడనట్టే ఊరుకున్నాను. కాసేపటికి నేనూ కొంచెం వేసుకున్నాననుకోండి, అది వేరే సంగతి.