పట్టు చేతులు విసరడం నేర్చుకున్నా: సూజౌలో నా అనుభవం

ష్వేషియు మీద నాకున్న పిచ్చి గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నా. పొడవాటి పట్టు చేతుల డ్రెస్ వేసుకుని చేసే చైనా నాట్యం అది. హాన్ రాజుల కాలం సమాధుల్లో దొరికిన మట్టి బొమ్మలు కూడా ఇలాంటి చేతులు ఊపుతూనే ఉంటాయి, అంటే రెండు వేల ఏళ్ల నాటి ముచ్చట!

నేను కూచిపూడి నేర్చుకున్నదాన్ని. మా ఆయన ఉద్యోగం వల్ల చైనాలోని సూజౌ నగరానికి వచ్చాం, ఇది కున్‌చ్యూ ఒపెరా (పాట, ఆట కలిసిన పాత చైనా నాటకం) పుట్టిన ప్రాంతం, 2001లో యునెస్కో గుర్తించిన కళ. ఆ ఒపెరా చూసినప్పుడే నా మనసు ఆ పొడవాటి పట్టు చేతుల మీద పడింది. మనం తామర అన్నా తుమ్మెద అన్నా వేళ్లతోనే చెప్తాం కదా, ఇక్కడ వేళ్లు బట్టలోపలే ఉండిపోతాయి, అయినా వేదిక మీది అమ్మాయి సిగ్గు, కోపం, ఏడుపు అన్నీ పట్టులోంచి మనదాకా వచ్చేస్తాయి.

ష్వేషియు క్లాసులో చేరితే మొదట పట్టు చేతులు ఇవ్వలేదు, ఊపిరి మీదే సాధన. ఊపిరి పీలిస్తే నడుము పైకి లేవాలి, వదిలితే కిందికి దిగాలి. అరమండిలో (మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు) స్థిరంగా నిలబడటం అలవాటైన ఒంటికి అది చాలా కొత్త. గజ్జెలు లేవు, మెత్తటి బూట్లు, అడుగు చప్పుడే వినపడకూడదు.

ఆ తర్వాత చేతులు ఇచ్చారు. పెకింగ్ ఒపెరాలో స్త్రీ పాత్రలకు పేరుపడ్డ చెంగ్ యెన్‌చ్యూ (1904-1958) చేతుల కదలికలన్నిటినీ పది మాటల్లో చెప్పారట, విసరడం, దులపడం, వణికించడం, పైకెత్తడం ఇలా. మా లావ్‌షి (టీచర్) ఒక్కొక్కటీ విడివిడిగా చేయించింది. విసురు వీపులో మొదలై భుజం, మోచేయి, మణికట్టు దాటి బట్టలోకి వెళ్లాలి, వల విసిరినట్టు. చివర్లో చెయ్యి బిగిస్తే పట్టు అక్కడికక్కడే కూలిపోతుంది. అసలు కష్టం మాత్రం వెనక్కి తెచ్చుకోవడంలో ఉంది. రెండో చేత్తో లాగకూడదు, మణికట్టుతో పైకి చిన్న చిన్న కుదుపులు ఇస్తే బట్ట మడతలు మడతలుగా వచ్చి చేతి మీద కూర్చోవాలి. రాత్రి భుజాలకి కాపడం పెట్టుకుని పడుకునేదాన్ని, అయినా పొద్దున్నే మళ్లీ చేయాలనిపించేది.

డ్రెస్ కుట్టించుకోవడం ఇంకో ఆనందం. సూజౌలో ఒపెరా దుస్తులు తయారుచేసే పనితనాన్ని చైనా 2006లోనే జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. కుట్టే ఆయీ (ఆంటీ) నన్ను రెండు చేతులూ పైకెత్తి నిలబడమని కొలతలు తీసింది. బట్ట మరీ పల్చనైతే గాల్లో తేలుతుంది కానీ మాట వినదు, మందమైతే ఎగరదు, అందుకని రెండింటికీ మధ్యస్థంగా ఉన్న పట్టు ఎంచింది. లేత ఆకుపచ్చలో మొదలై చివరికొచ్చేసరికి తెల్లబడే రంగు నేనే అడిగా. అంచులు చేత్తో చుట్టి కుట్టింది, అందుకే అంత బాగా పరుచుకుంటుంది.

జూన్, జూలై ముసురు వానల్లో ప్రాక్టీస్ నరకం, తేమకీ చెమటకీ పట్టు చేతికి అతుక్కుంటుంది. పండుగకి మా కాలనీ హాల్లో చేసినప్పుడు టెన్షన్ పడ్డా కానీ, రెండు చేతులూ ఒకేసారి తెరుచుకుని ఒకేసారి వెనక్కొచ్చాయి, ఇంతకన్నా ఏం కావాలి!

ఇప్పుడు తిరుగుతూ విసరడం నేర్చుకుంటున్నా. ఎవరైనా మొదలెట్టాలనుకుంటే ముందు మామూలు పల్చటి బట్టతో ప్రాక్టీస్ చేయండి. పట్టువి కొన్నాక మాత్రం చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయండి.