పార్కులో రోజూ గంట తిరిగినా సరిపోని వ్యాయామం

పొద్దున ఆరింటికి ఏ కాలనీ పార్కుకు వెళ్లినా ట్రాక్ కిటకిటలాడుతూ ఉంటుంది. నలుగురు పక్కపక్కనే రాజకీయాలు మాట్లాడుకుంటూ తీరిగ్గా సాగుతుంటారు, వెనకవాళ్లకు దారి దొరకదు. అలా తిరగడం మనసుకు మంచిదే, ఇంట్లో కూర్చోవడం కంటే నయమే. కానీ గుండెకు, షుగరుకు పనికొచ్చే నడక అంటే ఇంకాస్త గట్టిగా ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. మొదటిది అందరికీ గుర్తుంటుంది, రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఓ మోస్తరు శ్రమ అంటే నిమిషానికి దాదాపు 100 అడుగులు. వాచీ చూసుకుని 15 సెకన్లు లెక్కపెట్టండి, 25 అడుగులు పడాలి. ఆ వేగంలో పక్కవాళ్లతో మాట్లాడగలుగుతారు గానీ పాట పాడలేరు. అర కిలోమీటరు రౌండు ఆరు నిమిషాల్లో పూర్తయితే గంటకు 5 కిలోమీటర్ల వేగం వచ్చినట్టే. మొదటి ఐదు నిమిషాలు మెల్లగా నడిచి, ఆ తర్వాత మూడు నిమిషాలు జోరుగా, మూడు నిమిషాలు మామూలుగా, ఇలా ఐదు సార్లు నడిస్తే అరగంట అవుతుంది. చివర్లో మళ్లీ ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆపాలి. హైదరాబాద్ కేబీఆర్ పార్కు లాంటి చోట దారే ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఎక్కుడు వచ్చినప్పుడు వేగం పెంచకపోయినా శ్రమ దానంతటదే పెరుగుతుంది. విశాఖలో పొద్దున వాహనాలు ఆపేసే ఆర్కే బీచ్ రోడ్డు చదునుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి అక్కడ వేగం మీదే దృష్టి పెట్టాలి.

హవాయి చెప్పులతో మాత్రం జోరు నడక కుదరదు. చెప్పు జారిపోకుండా కాలివేళ్లు దాన్ని బిగబట్టి ఉంచుతాయి, దాంతో అడుగు చిన్నదైపోతుంది, వారం తిరిగేసరికి పిక్కలు, మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి పెడతాయి. మడమ దగ్గర పట్టు ఉన్న బూటు చాలు, ఖరీదైనదే అక్కర్లేదు. చెట్ల వేళ్లు పైకి లేపిన టైల్స్ అంచులు కూడా చూసుకోవాలి, మసక వెలుతురులో పడిపోవడాలు ఎక్కువగా జరిగేది అక్కడే.

ఇక ఓపెన్ జిమ్. అందరూ ఎగబడేది కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపే ఎయిర్ వాకర్ మీదికి. అది లోలకంలా తనంతట తనే ఊగుతుంది, ఒకసారి ఊపందుకున్నాక కండరం చేసే పని బహు తక్కువ. తుంటి కీలు వదులవడానికి రెండు నిమిషాలు చాలు. అది పూర్తిగా ఆగకముందే దిగితేనే ప్రమాదం, పలక వెనక్కొచ్చి మడమకు తగులుతుంది. నడుం తిప్పే ట్విస్టర్ మీద జోరుగా గిరగిరా తిరిగితే పొట్ట కరుగుతుందన్నది ఉత్త మాట. డిస్క్ సమస్య ఉన్నవాళ్లు దాని జోలికే పోకూడదు. నిజంగా పనికొచ్చేవి కూర్చుని చేతులతో తోసే చెస్ట్ ప్రెస్, కిందికి లాగే పుల్ డౌన్, కాళ్లతో తోసే లెగ్ ప్రెస్. వీటిలో చాలావాటికి బరువు పలకలుండవు, మన ఒంటి బరువే లేస్తుంది. తేలికైపోయిందనిపిస్తే తోసేటప్పుడు రెండు సెకన్లు, వెనక్కి రానిచ్చేటప్పుడు నాలుగు సెకన్లు తీసుకోండి. పది, పన్నెండు సార్లు చేసి ఒక నిమిషం ఆగి మళ్లీ చేయాలి, అలా రెండు మూడు విడతలు. ఎక్కే ముందు పిడి పట్టుకుని ఒకసారి గట్టిగా ఊపి చూడండి, పునాది కదిలినా, బోల్టు గలగలమన్నా వదిలేయండి.

పరికరాల దగ్గర క్యూ ఉంటే బెంచీ చాలు. నా లెక్కలో పార్కులో అన్నిటికంటే గొప్ప పరికరం అదే. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి కూర్చోవడం ఒక వ్యాయామం, అదే పరీక్ష కూడా. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా నిలబడగలరో చూడండి. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14 కంటే తక్కువ, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం సరిపోనట్టు. బెంచీ వీపు గట్టిగా బిగించి ఉంటే దాని మీద చేతులానించి పుషప్‌లు కూడా తీయొచ్చు.

ఎనిమిది అంకె ఆకారంలో వేసిన బాట మీద నడిస్తే సకల రోగాలూ పోతాయని బోర్డులు పెడతారు. అంత లేదు గానీ మలుపులు తిరగడం పెద్దవయసులో తూలిపోకుండా నిలదొక్కుకోవడానికి సాధనే. గులకరాళ్ల బాట సంగతి వేరు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు దాని మీద ఉత్త కాళ్లతో నడవకూడదు. గీసుకున్నా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు జేబులో 15 గ్రాముల గ్లూకోజ్ పొట్లం పెట్టుకోవాలి. షుగరు పడిపోయి చెమటలు, వణుకు మొదలైతే అది నోట్లో వేసుకుని పావుగంట కూర్చోవాలి, ఇంకో రౌండు పూర్తి చేద్దామనుకోకూడదు.

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామునే రోడ్డు పక్క పార్కులో నడవడం మంచిదని అనుకోకండి. చలికి కింది గాలి పైకి లేవక పొగ, దుమ్ము నేల దగ్గరే నిలిచిపోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఎండ పొడ వచ్చాకే బయల్దేరడం మేలు, అదీ రోడ్డుకు దూరంగా ఉన్న లోపలి ట్రాక్ మీద.

గేటు బయట బల్ల వేసుకుని బీపీ చూసేవాళ్ల దగ్గర, నడక ముగించిన వెంటనే చెయ్యి చాపితే వచ్చే అంకెను నమ్మొద్దు. నడిచిన వెంటనే ఎక్కువ చూపించొచ్చు, కాసేపటికి మామూలు కన్నా తక్కువ చూపించొచ్చు. వ్యాయామం అయ్యాక అరగంట ఆగి, వీపు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే చూపించుకోవాలి. ఆ పక్కనే సొరకాయ రసం అమ్ముతుంటారు. మొదటి గుక్క చేదు తగిలితే అక్కడే ఉమ్మేయండి. చేదు సొరకాయలో ఉండే కుకర్బిటాసిన్ అనే విషం వాంతులు, రక్త విరేచనాల దాకా తెస్తుంది, చక్కెర కలిపినంత మాత్రాన అది పోదు.