వాక్యాల్లో తాలు

జర్నల్ నుంచి ఈమెయిలు వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. నా పరిశోధన పేపరును తిరస్కరించలేదు, అలాగని అంగీకరించనూ లేదు. దాన్ని చదివి మంచిచెడ్డలు చెప్పే ఇద్దరు రివ్యూయర్లలో ఒకరు రెండు పేజీల వ్యాఖ్యలు రాశారు, అందులో సగానికి పైగా భాష గురించే. రచయితలు ఏం చెప్పదలచుకున్నారో చాలాచోట్ల రెండుసార్లు చదివితే తప్ప తెలియడం లేదన్నది వాటన్నిటిలోకీ మర్యాదైన వ్యాఖ్య. పైగా అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపరు మొదట్లో ఉండే సారాంశం, 250 మాటలు మించకూడదు. నాది 412. సరిచేసి పంపడానికి ఆరు వారాల గడువు ఇచ్చారు.

మొదట నాకు కోపమే వచ్చింది. తప్పులుంటే చూపించాలి గానీ తెలియడం లేదంటే ఏమని సరిచేయాలి? వ్యాకరణం సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో పేపరంతా వేసి చూశాను. రెండు కామాలు, ఒక 'ది' తప్ప దానికి ఏమీ దొరకలేదు. ఆ ఫలితాన్ని రివ్యూయర్‌కు పంపించాలన్నంత ఉత్సాహం వచ్చింది. పంపలేదు, ఆ మాత్రం బుద్ధి మిగిలింది.

నా పరిశోధన వేరుశనగలో జిప్సం గురించి. వేరుశనగ పువ్వు నుంచి ఊడ దిగి నేలలోకి వెళ్తుంది, అక్కడే కాయ అవుతుంది. నేలలో ఉన్న ఆ కాయకు కావలసిన కాల్షియం మొక్క పైనుంచి పంపలేదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకోవాలి. అందుకే ఊడలు దిగే దశలో కాల్షియం ఉండే జిప్సంను ఎకరాకు 200 కిలోలు మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమని రైతులకు చెబుతారు. కాల్షియం చాలకపోతే కాయ పైకి బాగానే కనబడుతుంది. ఒలిస్తే గింజ ఉండదు. తాలు.

ఇక్కడ చెప్పడానికి ఒక పేరా పట్టిన ఈ సంగతికి నా పేపరులో ఒకటిన్నర పేజీ పట్టింది.

హాస్టల్లో నాకు రెండేళ్లు సీనియర్ అయిన అక్క ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతోంది. పేపరు పంపి, ఆదివారం ఫోను చేశాను. పరిచయం విభాగంలో మొదటి వాక్యం చదవమంది. చదివాను:

'ఇట్ ఈజ్ ఎ వెల్ నోన్ ఫ్యాక్ట్ దట్ ది అప్లికేషన్ ఆఫ్ జిప్సం ఎట్ ది టైమ్ ఆఫ్ ది పెగ్గింగ్ స్టేజ్ రిజల్ట్స్ ఇన్ ఎ రిడక్షన్ ఇన్ ది నంబర్ ఆఫ్ ఎంప్టీ పాడ్స్ ఇన్ గ్రౌండ్‌నట్ క్రాప్.'

"ఇప్పుడు ఇదే తెలుగులో చెప్పు."

"ఊడలు దిగే దశలో జిప్సం వేయడం జరిగినట్లయితే వేరుశనగ పంటలో తాలు కాయల సంఖ్యలో తగ్గుదల రావడం జరుగుతుంది అనేది అందరికీ తెలిసిన విషయమే" అన్నాను.

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తరువాత నవ్వు.

"మీ నాన్నగారితో కూడా ఇలాగే మాట్లాడతావా?"

మా నాన్న వేరుశనగ రైతు. ఇలా మాట్లాడితే ఫోను అమ్మ చేతికిచ్చి వెళ్లిపోతారు. ఆయనతో అయితే "ఊడలు దిగేటప్పుడు జిప్సం వేస్తే తాలు తగ్గుతుంది" అంటాను. ఆరు మాటలు.

"అది రాయి" అంది అక్క. "ఇంకో సంగతి, అందరికీ తెలిసిన విషయమైతే మళ్లీ నువ్వెందుకు చెబుతున్నట్టు?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటిదాకా జబ్బు నా ఇంగ్లీషుకు ఉందనుకున్నాను. తెలుగు మీడియంలో చదివాను కాబట్టి ఇంగ్లీషు ఇలాగే ఉంటుందని సర్దుకున్నాను కూడా. తీరా చూస్తే నా తెలుగుకు అంతకంటే ముందే అంటుకుంది. 'పరిశీలించాం' అనాల్సిన చోట 'పరిశీలించడం జరిగింది' అంటున్నాను. సమావేశాల్లో, నివేదికల్లో, టీవీలో రోజంతా వినబడే మాటే ఇది. ఎవరూ ఏమీ చేయరు, అన్నీ వాటంతట అవే జరిగిపోతుంటాయి. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాటం మొదలుపెట్టి వందేళ్లు దాటినా, కాస్త హోదా ఉన్న కుర్చీలో కూర్చోగానే మన నోటికి 'జరిగింది' ఎలా వచ్చేస్తుందో నాకు అర్థం కాదు.

ఎలా వస్తుందో నా వరకు కొంత తెలుసు. మొదట నేర్చుకున్న ఇంగ్లీషు ఉత్తరం సెలవు చీటీ. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని బడికి వెళ్లినవాళ్లందరికీ కంఠతా వచ్చు, జ్వరం లేనివాళ్లకు మరీ బాగా వచ్చు. ఆ తరువాత పరీక్షలు. పక్క బెంచీ అమ్మాయి లేచి అడిషనల్ షీటు అడిగిందంటే నా చేయి వణికేది. తెలిసింది ఒక పేజీలో అయిపోతే మిగతాది ఎలా నింపాలో చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఎవరూ కొట్టేయమని చెప్పలేదు. కొట్టివేతలు ఉంటే శుభ్రతకు మార్కులు తగ్గేవి.

మరుసటి రోజు పేపరును పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసుకుని పెన్సిలుతో కూర్చున్నాను. అక్క ఒక పద్ధతి చెప్పింది. రిచర్డ్ లాన్హమ్ అనే అమెరికన్ ఆచార్యుడిది, పేరు పారామెడిక్ మెథడ్. వాక్యంలో ఉన్న ప్రిపోజిషన్లన్నిటికీ సున్నాలు చుట్టాలి. 'ఈజ్', 'వాజ్' లాంటి క్రియలకూ చుట్టాలి. తరువాత ఎవరు ఎవరిని తన్నుతున్నారో వెతకాలి. తన్నడమన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణే, కానీ నాకు అదే బాగా పనికొచ్చింది.

పైన రాసిన వాక్యంలో 'ఆఫ్' మూడు, 'ఇన్' మూడు, 'ఎట్' ఒకటి. ఏడు సున్నాలు. ఉన్న క్రియలు 'ఈజ్', 'రిజల్ట్స్'. రెండూ పని చేసేవి కావు. చేనులో నిజంగా జరిగిన పనులు రెండే: జిప్సం వేయడం, తాలు తగ్గడం. అవి 'అప్లికేషన్', 'రిడక్షన్' అన్న నామవాచకాల కింద దాక్కున్నాయి. క్రియ పేరుగా మారగానే దానికి తోడుగా ఒక 'ది', ఒక 'ఆఫ్', పని నడిపించడానికి ఇంకో ఉత్త క్రియ వచ్చి చేరతాయి. పెళ్లికొడుకు వెంట వచ్చిన చుట్టాల్లాగా. పేర్లను మళ్లీ క్రియలు చేస్తే చుట్టాలు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు: 'జిప్సం అప్లయిడ్ ఎట్ పెగ్గింగ్ రెడ్యూసెస్ ఎంప్టీ పాడ్స్ ఇన్ గ్రౌండ్‌నట్.' 31 మాటలు 9 అయ్యాయి. మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిదే.

ఆ ఊపులో రెండు రోజులు బాగా సాగింది. 'డ్యూ టు ది ఫ్యాక్ట్ దట్' అన్న చోటల్లా 'బికాజ్' పెట్టాను, 'ఇన్ ఆర్డర్ టు' అన్న చోట 'టు' ఉంచాను. 'ఇట్ ఈజ్ టు బి నోటెడ్ దట్' పేపరులో ఆరుచోట్ల ఉంది. అది తీసేస్తే దాని చోట ఏమీ పెట్టనక్కరలేకపోయింది. ఇవి సులువైనవి, పెద్దగా చెప్పుకోవలసింది లేదు.

కష్టమంతా తెలుగు వాక్యం ఇంగ్లీషు వాక్యం ఒకే దిక్కుకు నడవకపోవడంలో ఉంది. నాన్నతో చెప్పినట్టు ముందు తెలుగులో అనుకుని రాయడం అలవాటు చేసుకున్నాను కదా, దాంతో కొత్త చిక్కు వచ్చింది. మనకు క్రియ చివర ఉంటుంది. చేసి, వేసి, తడిపి, ఆరబెట్టి అంటూ ఎన్ని పనులైనా వరుసగా కూర్చి, చివర ఒక్క క్రియతో ముడి వేస్తాం. వినేవాళ్లు హాయిగా వేచి ఉంటారు. ఇంగ్లీషు చదువరి అలా ఆగడు. కర్త కనబడగానే అది ఏం చేసిందో వెంటనే తెలియాలి. నా వాక్యాల్లో కర్తకూ క్రియకూ మధ్య విత్తిన తేదీ, వాన వివరం, ప్లాటు కొలత వచ్చి కూర్చునేవి. వాటిని లేపి వేరే వాక్యంలో కూర్చోబెట్టడానికే నాలుగు రోజులు పట్టింది.

అందులో ఒక వాక్యాన్ని ఎప్పటికీ మరచిపోలేను. 'ఆఫ్టర్ డ్రైయింగ్ ఇన్ ది సన్ ఫర్ సెవెన్ డేస్, ది స్టూడెంట్ వెయిడ్ ది పాడ్స్.' నాకు ఇందులో ఏ దోషమూ కనబడలేదు. ఏడు రోజులు ఎండలో ఎండబెట్టి కాయలు తూచాను, అంతే కదా? అక్క మాత్రం "పాపం, ఏడు రోజులు ఎండలో ఎండిపోయి కూడా లేచి వచ్చి తూచావా?" అంది. తెలుగులో ఎండడం వేరు, ఎండబెట్టడం వేరు. ఒక్క 'బెట్టి'తో కాయలు ఎండాయో మనిషి ఎండిందో తేలిపోతుంది. ఇంగ్లీషు 'డ్రైయింగ్'కు రెండు అర్థాలూ ఉన్నాయి, కామా తరువాత ఎవరు వస్తే ఆ ఎండ వాళ్ల మీద పడుతుంది. 'ది పాడ్స్ వర్ సన్ డ్రైడ్ ఫర్ సెవెన్ డేస్ అండ్ వెయిడ్' అని మార్చాను. ఇది కర్మణి ప్రయోగమే. ఇక్కడ ఎవరు తూచారన్నది ఎవరికీ అక్కరలేదు, కాయలే ముఖ్యం. అందుకే అలాగే ఉంచాను.

అన్ని చోట్లా అలా ఉంచలేను కదా. దాని మీదే మా గైడు సార్‌తో గొడవ. 'ఎ టోటల్ ఆఫ్ ఫైవ్ సాయిల్ శాంపిల్స్ వర్ కలెక్టెడ్ ఫ్రమ్ ఈచ్ అండ్ ఎవ్రీ ప్లాట్' అన్నదాన్ని 'వి కలెక్టెడ్ ఫైవ్ సాయిల్ శాంపిల్స్ ఫ్రమ్ ఈచ్ ప్లాట్' అని రాశాను. 13 మాటలు 8 అయ్యాయి. సార్ ఎర్ర పెన్నుతో 'వి' చుట్టూ సున్నా గీశారు. మేము, మేము అని రాయడం గొప్పలు చెప్పుకోవడంలా ఉంటుందని ఆయన తరం నమ్మకం. ఆయన థీసిస్‌లో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మనుషులు లేరు.

"సార్, తెలుగులో 'సేకరించాం' అంటే గొప్పగా అనిపించదు కదా" అన్నాను.

"తెలుగులో 'మేము' అనక్కరలేదమ్మా. క్రియలోనే ఉంటుంది."

ఆయన చెప్పింది నిజమే. మన క్రియాపదం మనిషిని కడుపులో పెట్టుకుని తిరుగుతుంది. ఇంగ్లీషులో మనిషిని బయట నిలబెట్టక తప్పదు, మనకు సిగ్గు వేసేది అక్కడే. జర్నల్‌లో అచ్చయిన నాలుగు పేపర్లు తెచ్చి, వాటిలో ఎన్ని 'వి'లు ఉన్నాయో చూపించాను. అరగంట తరువాత పద్ధతుల విభాగంలో మూడింటికి ఒప్పుకున్నారు. మిగతావి కొట్టేశారు.

అయితే నేను చేసినవన్నీ సరైనవి కావు. కోయడం అలవాటయ్యాక కత్తి దేనికి తగులుతోందో చూసుకోలేదు. 'సిగ్నిఫికెంట్లీ' అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ అలంకారమని తీసేశాను. పది పేజీలు అయ్యాక గుర్తొచ్చింది, ఫలితాల విభాగంలో అది అలంకారం కాదు, గణాంక పరీక్షలో తేడా నిలిచిందని చెప్పే సాంకేతిక పదం. అవన్నీ వెతికి వెనక్కి పెట్టాను. పరిచయంలో నిజంగా అలంకారానికి వాడినవి రెండు ఉన్నాయి, వాటిని మాత్రం వెనక్కి పెట్టలేదు.

'ఉండవచ్చు' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు 'మే' విషయం సార్ పట్టుకున్నారు. ఆలస్యంగా వేసిన జిప్సం సరిగ్గా పనిచేయలేదు, వానలు ఆగిపోవడం కారణమై ఉండవచ్చు అని మొదట రాశాను. ఆ 'ఉండవచ్చు' పిరికితనమనిపించి తీసేసి, వానలు ఆగిపోవడం వల్ల పనిచేయలేదు అని సూటిగా రాశాను. వాక్యం చూడడానికి ముచ్చటగా ఉంది.

"వానల వల్లే అని నువ్వు పరీక్షించావా?" అని అడిగారు సార్.

లేదు. 'మే' తన చోటుకు తాను వచ్చింది. నాలుగు మాటలు పెరిగినా నోరు మెదపలేదు.

అబ్‌స్ట్రాక్ట్ 412 నుంచి 290 దాకా వాక్యాలు సరిచేస్తేనే దిగింది. ఆ తరువాత ఒక్క మాట కూడా కదల్లేదు. ఇక విషయమే తగ్గించాలి. నేపథ్యం మూడు వాక్యాలు ఉంటే ఒకటి చేశాను, ఆకుల సంఖ్య ఫలితాలు వదిలేశాను. నాలుగు నెలలు వంగి లెక్కపెట్టిన ఆకులు. 243 దగ్గర ఆపాను.

చివరగా చర్చ విభాగంలో ఒక వాక్యం మిగిలింది: 'ఇనిషియల్ సాయిల్ ప్రాపర్టీస్ వర్ డ్యూలీ టేకెన్ ఇంటూ కన్సిడరేషన్.' నేల మొదటి గుణాలను తగిన విధంగా పరిగణనలోకి తీసుకోవడం జరిగిందట. ఎవరు తీసుకున్నారు, ఏ గుణాలు, తీసుకుని ఏం చేశారు? పెన్సిలు పట్టుకుని చూస్తే సున్నా చుట్టడానికి కూడా అందులో పెద్దగా ఏమీ లేదు. తీసేశాను.

గడువుకు మూడు రోజుల ముందు పంపాం. రెండు నెలలకు జవాబు వచ్చింది. భాష గురించి ఒక్క ముక్క లేదు. అదే రివ్యూయర్ ఈసారి ఒకే ప్రశ్న అడిగారు: ప్రయోగం మొదలుపెట్టే ముందు ఆ నేలలో కాల్షియం ఎంత ఉంది? అది తెలియకుండా జిప్సం వల్ల తాలు ఎంత తగ్గిందో ఎలా చెబుతారు?

మొదటిసారి ఈ ప్రశ్న ఎందుకు అడగలేదో తలుచుకుంటే నవ్వూ వచ్చింది, ఒళ్లూ చల్లబడింది. తీసేసిన ఆ ఎనిమిది మాటలు ఇన్నాళ్లూ ఒక గోతి మీద చాప పరిచినట్టు ఉన్నాయి. చాప తీసింది నేనే.

విత్తడానికి ముందు మట్టి తీశాం, ఆరబెట్టి గుడ్డ సంచుల్లో కట్టి పెట్టాం. కాల్షియం మాత్రం చూడలేదు. ల్యాబులో బీరువాల వెనక, మెట్ల కింద వెతికితే సంచులు దొరికాయి. చీటీల మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. పన్నెండు ప్లాట్లకు పదకొండు సంచులే ఉన్నాయి. వాటిలో కాల్షియం ఎంత ఉందో అమ్మోనియం ఎసిటేట్ ద్రావణంతో పరీక్షించి పట్టిక తయారుచేశాను. పన్నెండో సంచి సంగతి దాని కింద రాయాలి. 'ఎ శాంపిల్ వాజ్ ఫౌండ్ టు బి' అని చేయి దానంతట అదే మొదలుపెట్టింది. కొట్టేసి మళ్లీ రాశాను: 'వి లాస్ట్ ది శాంపిల్ ఫ్రమ్ ప్లాట్ ట్వెల్వ్.'

సార్ ఎర్ర పెన్ను ఆ 'వి' దగ్గర చాలాసేపు ఆగింది. కొట్టేయలేదు.