‘ఇష్టపూర్వకంగా’ అన్న మాట దగ్గర ఆగాలి

నానా క్వామే అజెయ్-బ్రెన్యా నవల ‘చైన్-గ్యాంగ్ ఆల్-స్టార్స్’ (2023)లో ఖైదీలు పోరాడే సుత్తులూ కొడవళ్ల కంటే ముందు చూడాల్సింది ఒక నిబంధన. మరణశిక్ష గానీ, కనీసం 25 ఏళ్ల జైలు గానీ పడ్డ ఖైదీ తన ఇష్టంతోనే ఆ శిక్ష వదులుకుని, జనం ముందు చావు పోటీలకు దిగొచ్చు. మూడేళ్లు బతికి బయటపడితే విడుదల. బలవంతం లేదు, ఒప్పుకుంటే చాలు. ఆ ఒప్పుకోలునే సాకుగా చూపించి ప్రభుత్వం, పోటీలు నడిపే కంపెనీ, ప్రేక్షకుడు ముగ్గురూ చేతులు దులుపుకుంటారు.

ఇది ఊరికే పుట్టిన ఊహ కాదు. అమెరికా రాజ్యాంగ 13వ సవరణ (1865) బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగా చేయించే వెట్టిని మాత్రం మినహాయించింది. లూసియానాలోని అంగోలా జైలు ఒకప్పుడు బానిసలు పనిచేసిన తోట, 18,000 ఎకరాలు. ఇప్పుడక్కడ ఖైదీలు పొలం పనులు చేస్తారు, కూలి గంటకు 2 సెంట్ల నుంచి మొదలు. అదే జైల్లో 1965 నుంచి రోడియో, అంటే ఎద్దులతో గుర్రాలతో తలపడే పోటీ, నడుస్తోంది. అక్టోబరు ఆదివారాల్లో జనం టికెట్ కొనుక్కుని వస్తారు. ‘కన్విక్ట్ పోకర్’ అనే ఆటలో నలుగురు ఖైదీలు పేకాటకు కూర్చున్నట్టు బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్ల మీదికి ఎద్దును వదులుతారు. అందరికంటే చివరిదాకా కుర్చీలో ఉన్నవాడు గెలిచినట్టు. ఇంకో ఆటలో ఎద్దు తలకు కట్టిన పోకర్ బిళ్లను ఊడబెరకాలి. ఇక్కడా పాల్గొనడం ఇష్టపూర్వకమే, గెలిస్తే డబ్బిస్తారు. రెండు సెంట్ల కూలి మనిషికి ఆ డబ్బు ఎన్ని గంటల చాకిరీయో లెక్కేస్తే, ఆ ఇష్టం ఎంతపాటిదో తెలిసిపోతుంది.

ఇలాంటి కథలు ఎక్కువగా చెడేది హీరో దగ్గర. 1987 నాటి ‘ది రన్నింగ్ మ్యాన్’ సినిమాలోనూ ఖైదీలను టీవీలో చావు ఆట ఆడిస్తారు. కానీ అందులో హీరో ఏ తప్పూ చేయడు, దొంగ వీడియోతో అతన్ని ఇరికిస్తారు. దాంతో మన కోపమంతా ఆ ఒక్కడికి జరిగిన అన్యాయం మీదికి పోతుంది. నిజంగా నేరం చేసినవాణ్ణి ఆ బరిలోకి తోయొచ్చా అన్న ప్రశ్న పక్కకు తప్పుకుంటుంది. అజెయ్-బ్రెన్యా ఆ దారి మూసేశాడు. అతని నవలలో ప్రధాన పాత్ర, బరిలో పోరాడే ఖైదీ లొరెట్టా థర్వార్ తాను ప్రేమించిన మనిషినే చంపింది. ఆమె చావును టికెట్లు పెట్టి అమ్మకూడదని ఒప్పుకోవాలంటే, ఆ హత్య తెలిసీ ఒప్పుకోవాలి. నాకు ఈ నవల గొప్పగా అనిపించేది ఇక్కడే.

మరో పాత్ర ఎమిలీ, ఒక ప్రేక్షకురాలు. భర్త ఈ చావు పోటీలకు వీరాభిమాని. ఆమె మొదట ముఖం తిప్పుకుంటుంది. తర్వాత పోటీల మధ్య ఖైదీల దినచర్య చూపించే రియాలిటీ షోకి మెల్లగా అతుక్కుపోతుంది. పోట్లాట ఊపులో పేజీలు తిప్పేస్తున్న పాఠకుడికి ఆమె పక్కనే కూర్చున్నట్టుంటుంది.

ఆ ఊపుకి అడ్డం పడేవి ఫుట్‌నోట్లు. బరిలో ఒక మనిషి పడిపోతాడు, పేజీ అడుగున అతని జీవితం రెండు ముక్కల్లో ఉంటుంది. మరోచోట నిజమైన చట్టం, నిజమైన జైలు లెక్క. కన్ను కిందికి దిగి మళ్లీ పైకి వెళ్లేసరికి, పైన జనం ఇంకా అరుస్తూనే ఉంటారు. ఈ-బుక్‌లో అయితే నోట్లు నొక్కితే గానీ కనపడకపోవచ్చు. అందుకే ఈ ఒక్క నవలకైనా అచ్చు ప్రతే తీసుకోండి.