పాప డబ్బాలు

ఈ రోజంతా వంటింట్లోనే అయిపోయింది. రేపు రాత్రి చెన్నైలో ఫ్లైట్, సింగపూర్‌లో దిగి ఇంకోటి ఎక్కి మెల్‌బోర్న్ పోవాలి, మా చెల్లెలు అక్కడ ఉంటుంది. డిసెంబర్ కాబట్టి టికెట్లు మండిపోతున్నాయి, ఉన్నవాటిల్లో తక్కువది తీసుకున్నాం, అందులో భోజనం లేదు, కావాలంటే లోపలే కొనుక్కోవాలి. ఆ కొనుక్కునే లిస్టు మా ఆయన ఫోన్లో చూపించాడు. నూడుల్స్, శాండ్‌విచ్, బన్ను, బిస్కెట్లు. మా పాప నోట్లో పెట్టుకోగలిగింది ఒక్కటీ లేదు.

పాపకి సీలియాక్ ఉంది. గోధుమలు, బార్లీ, రై అనే ఇంకో ధాన్యం, ఈ మూడిట్లో గ్లూటెన్ అని ఒక ప్రోటీన్ ఉంటుంది, అది లోపలికి పోతే చాలు ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన శక్తి పోయి పోయి సొంత పేగు మీద పడుతుంది, పేగు లోపలి పొర దెబ్బతిని తిన్నది ఒంటికి పట్టదు. చిన్నప్పుడు ఎంత తినిపించినా బరువు పెరగక, పొట్ట ఉబ్బి, రక్తం తగ్గిపోయి, నులిపురుగుల మందులు టానిక్కులు అన్నీ వాడేశాక ఒక డాక్టరు గారు టీటీజీ అనే రక్త పరీక్ష రాశారు, ఆ తర్వాత ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి చూసి ఖాయం చేశారు. దీనికి మాత్రలు లేవు, బతికినంత కాలం ఆ ధాన్యాలు ముట్టకుండా ఉండటమే. ఉత్తరాదిలో రొట్టెలు తినేవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుందంట, మన వైపు అంత తొందరగా ఎవరికీ తట్టదు.

తెలిసినవాళ్ళంతా అనేది ఒకటే, మనం తినేది అన్నమే కదా ఇంకేంది బాధ అని. అన్నం వరకు నిజమే. కానీ అన్నంలో కలిపేవాటి సంగతేంది? డబ్బాలో అమ్మే ఇంగువలో గోధుమ పిండో మైదానో కలుపుతారు, వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదివి చూడండి. ఆ ఇంగువ సాంబార్లో, పులిహోరలో, అప్పడాల్లో, ఆవకాయలో, ఎక్కడ చూసినా ఉంటుంది. పిల్లలకి పాలల్లో కలిపిచ్చే మాల్ట్ పొడుల్లో బార్లీ. పిండి మరలో మనకంటే ముందొచ్చినాయన గోధుమలు ఆడించుకుని పోయుంటాడు, అదే మరలో మన బియ్యం పోస్తే ఆ దుమ్మంతా మన పిండిలోకే వస్తుంది. హోటల్లో దోసె బియ్యం మినుములే కదా అనుకుంటాం, ఆ పెనం మీదే అంతకుముందు చపాతీ కాల్చి ఉంటారు. అందుకని కావలి నించి చెన్నై దాకా హైవే మీద ఎన్ని హోటళ్ళున్నా మేం టీ తాగడానికే ఆగేది.

పొద్దున్నే మురుకులతో మొదలుపెట్టా. బియ్యం మొన్ననే కడిగి మేడ మీద ఆరబెట్టి ఇంట్లో మిక్సీలోనే పట్టి జల్లించి పెట్టుకున్నా, నువ్వులు, వాము, ఉప్పు, కాస్త వెన్న, అంతే. నూనె కొత్త ప్యాకెట్టు. పూరీలు వేయించిన నూనెని వడగట్టి దాచుకునే అలవాటు మా ఇంట్లో పోయి చాలా కాలమైంది. తర్వాత శెనక్కాయల ఉండలు, నువ్వుల ఉండలు. ఇవి వారం ఉన్నా ఏం కావు. ఆ పక్కనే చింతపండు పులుసు చిక్కగా ఉడకబెట్టి, తిరగమోత పెట్టి, ఇంగువ లేకుండా పులిహోర గుజ్జు చేసి పక్కన పెట్టా, అన్నం మాత్రం రేపు మధ్యాహ్నం వండి, ఆరనిచ్చి, బయల్దేరే ముందు కలపాలి. వేడి మీద డబ్బాలో పెడితే మూతకి ఆవిరి పట్టి ఆ నీళ్ళు కిందకి కారి అన్నం పాచిపోతుంది. ఫ్లైట్లో మన డబ్బా తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళెవరూ ఉండరు, కాబట్టి ఏది ఎన్ని గంటలు నిలవుంటుంది అనేదాన్ని బట్టే వంట.

మా అత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చోనే ఉంది రోజంతా. రోగం బయటపడ్డ కొత్తల్లో ఆమె కూడా "రవ్వంత తింటే ఏం కాదులే, బిడ్డ నోరు కట్టేయబాకండి" అనేది, ఆమె తప్పేం లేదు, మనవరాలు అందరి మధ్యలో ఖాళీ ప్లేటు పెట్టుకుని కూర్చుంటే చూడలేక. రవ్వంతతోనే పాప రెండు రోజులు కక్కుకుని పడుకోవడం కళ్ళారా చూశాక మారిపోయింది. ఇప్పుడు పాప పెనం, పాప గరిటె, పాప జల్లెడ విడిగా ఒక అరలో పెట్టి, పనిమనిషిని కూడా అటు చెయ్యి పెట్టనివ్వదు. ఈ రోజు నేను మురుకుల పిండి కలుపుతుంటే "చేతులు కడిగినావా, పొద్దున చపాతీ పిండి ముట్టుకున్నావు కదా" అని గుర్తు చేసింది. కడుక్కునే వచ్చా, అయినా ఇంకోసారి కడుక్కున్నా, ఆమె అడిగినందుకు ఎంత సంతోషం వేసిందో.

మధ్యాహ్నం డాక్టరు గారి లెటర్ ఇంకో రెండు జిరాక్సులు తీయించుకొచ్చాడు మా ఆయన. ఈ ఫ్లైట్ వాళ్ళ రూల్స్‌లో బయటి తిండి లోపల తినకూడదని ఉంది. ముందే లెటర్ జత చేసి మెయిల్ పెట్టాం, ఆరోగ్య కారణం కాబట్టి తెచ్చుకోవచ్చని జవాబు వచ్చింది, ఆ జవాబు కూడా ప్రింట్ తీసి పెట్టాం. ఇలాంటి పిల్లలున్న వాళ్ళెవరైనా చదువుతుంటే ఇది మాత్రం చెప్తా, ఫోన్లో మాటల మీద ఆధారపడొద్దు, రాతలో తీసుకోండి. భోజనం పెట్టే పెద్ద ఫ్లైట్లలో గ్లూటెన్ లేని భోజనం అడిగితే ఇస్తారు, కాకపోతే ఒకటి రెండు రోజుల ముందే బుక్ చేసుకోవాలి. అట్లాంటి టికెట్ కొన్నా నేను డబ్బాలు మాత్రం మానను. ఆ ప్లేటు రాకపోతేనో, తారుమారైతేనో, ఆకాశంలో ఇంకేం దొరుకుతుంది పిల్లకి?

సెక్యూరిటీలో పట్టుకునేది తడి వస్తువులనే. నీళ్ళగా జారేదైనా ముద్దగా ఉండేదైనా ఒక్కోటి 100 మిల్లీలీటర్లకి మించకూడదు, కాబట్టి పెరుగన్నం, చట్నీ, పచ్చడి, నెయ్యి గిన్నె ఏవీ చేతి బ్యాగులో వద్దు. కారప్పొడి విడిగా పొట్లం కట్టినా ఆపేస్తారు. అందుకే ఇడ్లీలకి కారప్పొడి, నువ్వుల నూనె ఇంట్లోనే బాగా పట్టించి డబ్బాలో సర్దేస్తా, అప్పుడది ఉత్త ఇడ్లీయే. నీళ్ళ బాటిల్ ఖాళీగా పట్టుకుపోయి లోపల నింపుకోవాలి. సొంత స్పూన్లు, తడి టిష్యూలు కూడా, ఎందుకంటే సీటు ముందు బల్ల మీద అంతకుముందు ఎవరు ఏ బన్ను తిన్నారో, ఆ పొడి మన డబ్బాలో పడకూడదు.

పూటలు లెక్కేసుకుంటుంటే టైము దగ్గర చిక్కొచ్చింది. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు, మెల్‌బోర్న్ ఈ నెలల్లో అయిదున్నర గంటలు ముందు. అక్కడి గడియారం ఏం చూపించినా పాప కడుపు కావలి టైముకే ఆకలేస్తుంది కదా, అందుకని మన టైముతోనే రాసుకున్నా. కారులో సాయంత్రం అరటిపండు, మురుకులు. ఎయిర్‌పోర్టులో రాత్రికి ఇడ్లీలు, అవి ముందు పాడయ్యేవి కాబట్టి ముందు అవే. ఫ్లైట్లో పడుకుంటుంది, చెన్నై నించి సింగపూర్ నాలుగు గంటలే. అక్కడ దిగాక తెల్లారి పులిహోర, అది కూడా వాసన చూసి, కొంచెం నేను తిని చూసిన తర్వాతే. రెండో ఫ్లైట్ ఏడున్నర గంటలు పైనే, దాన్లో ఉండలు, బొరుగులు, శెనక్కాయలు. అన్నీ అనుకున్నట్టే నడిస్తే ఇంతవరకు చాలు.

నడవకపోతే? 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫానుకి చెన్నై ఎయిర్‌పోర్టు రన్‌వే మీదకి నీళ్ళొచ్చి మూసేశారు, ఆ తుఫానే మరుసటి రోజు బాపట్ల దగ్గర తీరం దాటింది, మా వైపు వాళ్ళెవరూ మర్చిపోయే వానలు కావవి. డిసెంబర్ ప్రయాణం అంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది. అందుకే ఇంకో రెండు పూటలకి అటుకులు. సన్నవి దోరగా వేయించి, తిరగమోత, పసుపు, ఉప్పు, వేయించిన శెనక్కాయలు, ఎండబెట్టిన కరేపాకు, అన్నీ కలిపేసి ఒక్కో పూటకి ఒక్కో జిప్ కవరు. ఎక్కడైనా కప్పుడు వేడి నీళ్ళు అడిగి పోసి మూత పెడితే అయిదు నిమిషాల్లో ఉప్మా. ఈ రోజు సాయంత్రం ఒక కవరు అట్లా చేసి పాపకే పెట్టా. ఉప్పు ఇంకొంచెం పడాలంది. పైన గాలి పొడిగా ఉండి నాలుకకి ఉప్పూ తీపీ తక్కువగా తెలుస్తాయంట, కాబట్టి కొంచెం పెంచా. కవర్లలో గాలి మొత్తం తీసేసి మూశా, విమానం లోపల ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, గాలి ఉంటే కవర్లు ఉబ్బుతాయి.

దీపాలు పెట్టే వేళకి నెల్లూరు నించి మా పెద్దాడబిడ్డ వచ్చింది, ప్రయాణం అని తెలిసి మలై కాజా తెచ్చింది. నెల్లూరు నించి ఎవరొచ్చినా అదే తెస్తారు, పాలు మరిగించి చేస్తారు గానీ అందులో మైదా ఉంటుంది. నేను వంటింట్లోంచి వచ్చేలోపు పాపే "అత్తా, అందులో మైదా ఉంటుంది, నాకొద్దు, నాయనకి ఇవ్వు" అని చెప్పేసింది. మొహం చిన్నబోలేదు, గొంతు మారలేదు. వాళ్ళత్త కళ్ళ నీళ్ళు పెట్టుకుని, నువ్వుల ఉండ ఒకటి తీసి పాప చేతే తన నోట్లో పెట్టించుకుంది. నాకు గర్వంగానే ఉంది, ఇంత చిన్న పిల్లకి ఇన్ని తెలియాల్సి వచ్చిందే అని కడుపు తరుక్కుపోయింది కూడా.

ఎప్పుడో డాక్టరు గారు చెప్పింది ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తిండి దొరక్క జనం అల్లాడిపోయారంట, రొట్టె అనేదే కరువు. డికే అనే పిల్లల డాక్టరు అక్కడ ఈ రోగం ఉన్న పిల్లలు రొట్టె లేని రోజుల్లో కోలుకోవడం, రొట్టె మళ్ళీ దొరికాక జబ్బు పడటం గమనించి, 1950లో గోధుమే కారణం అని రాశాడు. ఊరంతా ఆకలితో ఉంటే ఈ పిల్లలు తేరుకున్నారు. ఆయన అది గమనించకపోయుంటే మా పాప లాంటి వాళ్ళకి ఇంకా ఎన్నేళ్ళు టానిక్కులే పోస్తా ఉండేవాళ్ళో.

మా చెల్లెలు ఇందాకే ఫోన్ చేసింది. మెల్‌బోర్న్‌లో దిగే ముందు ఇచ్చే కార్డు మీద తిండి ఉందా అన్నచోట ఉంది అని టిక్కు పెట్టాలంట, మిగిలిన అరటిపండ్లు, పులిహోర లాంటివి విమానంలోనే వదిలేయాలంట, దాచిపెట్టి దొరికితే జరిమానా. అటుకుల కవర్లు చూపిస్తాం, ఉంచుకోమంటే ఉంచుకుంటాం, తీసేయమంటే తీసేస్తాం. దిగినాక భయం లేదక్కా అంది, అక్కడ ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే పరీక్షలో అసలు కనపడకూడదంట, మన దగ్గరేమో కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే వేసుకోవచ్చు. పాపకి బిస్కెట్లు, బ్రెడ్డు కూడా కొని పెట్టిందంట. పాప ఫోన్ లాక్కుని "పిన్నీ, బ్రెడ్డు మెత్తగా ఉంటుందా, గట్టిగా ఉంటుందా" అని అడుగుతా ఉంది, ఇంకా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటానే ఉండారు. నేను పోయి ఇడ్లీకి పప్పు నానపోయాలి.