పాలమూరు మట్టి మిద్దెల కింద

మహబూబ్‌నగర్ నుంచి కొత్తకోట, వనపర్తి, పానగల్ మీదుగా కొల్లాపూర్ పోయే దారిలో స్లాబు ఇండ్ల మధ్య మట్టి మిద్దెలు ఇంకా కనబడతాయి. మేం చూడబోయింది వాటిని మోస్తున్న కట్టెను.

పానగల్ దాటాక ఒక మిద్దె ఇంట్లోకి వెళ్లాం. దూలాల మీద అడ్డంగా దంతెలనే సన్న వాసాలు, దంతెల మీద కట్టెలు, ఆకులలము, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చౌడు, అంటే ఉప్పు మట్టి. తడవగానే చౌడులోని సోడియం వల్ల సన్నటి బంక రేణువులు ఉబ్బి సందులు మూసేస్తాయి. వాన కిందికి దిగదు. కానీ జానెడు ఉండాల్సిన మట్టి అక్కడ మూరెడుంది. "ఏటా వానలకు ముందు చౌడు ఎక్కిస్తనే ఉన్నం, గీకి తీసిందైతే లేదు బిడ్డా" అన్నాడు ఇంటి పెద్దాయన. జానెడు మట్టి చదరపు మీటరుకు ఎంత లేదన్నా 350 కిలోలు తూగుతుంది. మూరెడైతే 700. తడిస్తే ఇంకా ఎక్కువ.

దూలం పొడవునా వేలు దూరేంత పగులుంది, ఇంట్లోవాళ్ల భయమంతా దాని మీదే. అది కట్టె ఆరినప్పుడు నార వెంట విచ్చిన పగులు, చాలావరకు ప్రమాదం లేనిది. దూలం నడుమ, అడుగు వైపున, నార అడ్డంగా తెగితే మాత్రం ఆ గదిలో పడుకోకూడదు. వంగే దూలానికి పైభాగం నొక్కుకుంటుంది, అడుగు సాగుతుంది, తెగేది సాగేచోటే. ఉయ్యాలకూ ఫ్యానుకూ అక్కడ గాడి కొట్టడం పెద్ద తప్పు. ఇనుప పట్టీ దూలం చుట్టూ తిప్పి బిగిస్తే సరిపోతుంది.

అసలు రోగం గోడలో దాగిన దూలం కొసల్లో ఉంది. సుత్తెతో తడితే నడుమ ఖంగుమంది, గోడ దగ్గర డొల్లగా పలికింది. స్క్రూడ్రైవర్ రెండంగుళాలు దిగి గోధుమరంగు పొడి రాలింది. గోడ చెమ్మ పీల్చి, గాలాడక పుచ్చిపోయింది. అదే ఇంట్లో రాతి దిమ్మెల మీద నిలిపిన స్తంభాలు రాయిలా ఉన్నాయి. దూలం కొస కిందా రాతి పలక వేసి, పక్కలా వెనకా అంగుళం ఖాళీ వదలాల్సింది.

బాగుచేయాలంటే ముందు గోడకు అడుగు దూరంలో పోటు కర్రలు పెట్టాలి. నేలలోకి దిగకుండా వాటి కింద మందపాటి పలక ఉండాలి. కర్రకూ దూలానికీ మధ్య చెక్క చీలలు ఆనేదాకా కొడితే చాలు. వంగిన దూలాన్ని బలవంతంగా లేపితే గోడ చీలుతుంది. తర్వాత మిద్దె మీది మట్టిని రెండు వైపుల నుంచీ సమానంగా, తట్టతట్టగా దించాలి. పుచ్చినంత మేర గట్టి కట్టె తగిలేదాకా కోసి, దూలానికి రెండు పక్కలా ఇనుప చానెళ్లు (గాడిలా మడిచిన ఇనుప కమ్మీలు) బోల్టులతో బిగించాలి. చెదల మందు చివరి పని. గోడకు చెమ్మ ఎక్కడినుంచి వస్తున్నదో ఆపకుండా ఆ మందు కొట్టడం దండగ.